మోక్షిత చెప్పులు

డాక్టర్ శశిధర్‌కి ఆ గుండె బొమ్మ అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి మనసు కూడా రాలేదు.

పెద్దవాళ్ళ గుండెలు చూసి చూసి చేయి తిరిగినవాడు. స్క్రీన్ వంక ఓరగా చూసి, ఏ కవాటం ఎంత బిగుసుకుందో, ఏ కండరం ఎంత నీరసించిందో చెప్పేసేవాడు. అలాంటివాడు పిల్లల గుండెల పని నేర్చుకుందామని విశాఖలో ఎస్తేరు మేడం దగ్గర చేరాడు. పెద్ద గుండె చదవగలిగినవాడికి చిన్న గుండె ఓ లెక్కా అనుకున్నాడు. పాపం, అక్కడే బోల్తాపడ్డాడు.

పెద్దవాళ్ళ గుండెలో రోగం ఎంత ఉన్నా ఇంటి ప్లాను మాత్రం అందరిదీ ఒకటే. వంటిల్లు ఉండాల్సిన చోటే ఉంటుంది, పడకగది ఉండాల్సిన చోటే ఉంటుంది. ఈ ఆసుపత్రికి వచ్చే పసిగుండెల్లో కొన్నిటికి ప్లానే వేరు. వీధి గుమ్మంలో అడుగుపెట్టి తిన్నగా వంటింట్లో తేలతాం. శశిధర్ చేరిన నాటి నుంచీ ఇలా ఎవరో ఒకరి వంటింట్లో తేలుతూనే ఉన్నాడు.

ఎస్తేరు మేడం అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. కళ్ళజోడు తాడుకి వేలాడుతూ ఉంటుంది. పాఠం చెప్పమంటే ఆవిడకి చిరాకు. శిష్యుడు తప్పు చేస్తే "మళ్ళీ చూడు" అంటుంది. ఒప్పు చేసినా ఒక్కోసారి అదే అంటుంది. ఆ రెండు మాటలు వినీ వినీ శశిధర్‌కి చెవులు తుప్పు పట్టాయి.

గుండె బొమ్మ తీసే ఎకో గది విషయంలో ఆవిడది ఒకే ఒక్క కట్టుబాటు. ఎంతటివాళ్ళయినా సరే చెప్పులు బయట విడవాల్సిందే. ఆ పొద్దున ఆ కట్టుబాటు దగ్గరే గొడవ మొదలైంది.

మోక్షితకి నాలుగేళ్ళు. పలాస నుంచి వచ్చింది. కాళ్ళకి గులాబీరంగు చెప్పులు, అడుగు వేస్తే కీచుమంటాయి. కొత్తవి. ఆసుపత్రికి రానని మొండికేస్తే తల్లి కొనిపెట్టి తీసుకొచ్చింది. ఇప్పుడేమో వాటిని గుమ్మం దగ్గర వదలమంటున్నారు.

"నా సెప్పులు ఎవులైనా అట్టుకుపోతారేటి?" అని మోక్షిత బల్ల మీద పడుకుని కూడా తల తిప్పి గుమ్మం వైపే చూస్తోంది.

"ఎవులూ అట్టుకుపోరు. కదలకు. డాక్టరుబాబు బొమ్మ తీత్తన్నారు" అంది తల్లి దమయంతి.

దమయంతి జీడిపప్పు ఒలిచే పనికి వెళ్తుంది. జీడిపిక్కల నూనె పట్టి వేళ్ళ కొసలు నల్లబడిపోయాయి. ఆ వేళ్ళతోనే కూతురి జుట్టు సవరిస్తూ నిలబడింది. ఇప్పటికే ఇద్దరు డాక్టర్లకి చూపించింది. ఒకాయన గుండెకి చిల్లు అన్నాడు. ఇంకొకాయన చిల్లు లేదు, కవాటం కారుతోంది అన్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలియక ఇక్కడికి వచ్చింది.

"ఈది సివరిదాకా పరిగెట్టీది బాబూ. మా ఆడపడుచు పిల్లల్ని కూడా దాటేసీది. ఈమజ్జెన గుమ్మం దిగితే కూకుండిపోతంది. అంతకుముందు బాగుండీ, ఇప్పుడేటైనాది?"

శశిధర్ "చూస్తున్నానమ్మా" అన్నాడు.

చూస్తూనే ఉన్నాడు. ఎడమవైపు గది బాగా పెద్దదైంది. దాని కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా రంగులు వెనక్కి చిమ్ముతున్నాయి. ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే ఇంకేం కావాలి? ఎడమ గది కవాటం లీకు, బాగుచేయాలి అని రాసేశాడు.

మధ్యాహ్నం పై అంతస్తులో సర్జన్ల మీటింగు. కింద ఎకో గదిలో ఏం తేలిస్తే పైన దాన్నిబట్టి కత్తి పడతారు. మోక్షిత పేరు ఆ రోజు మీటింగులో ఉంది.

ఎస్తేరు మేడం వచ్చి అతని వెనక నిలబడింది. కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చూసింది.

"ఎడమ గది అన్నావు. ఎలా తెలిసింది?"

"ఎడమవైపు ఉంది కదా మేడం."

ఆవిడ కళ్ళజోడు వదిలేసింది. అది తాడుకి ఊగింది.

"మళ్ళీ చూడు" అని తన గదికి వెళ్ళిపోయింది.

శశిధర్‌కి ఒళ్ళు మండింది. ఎడమవైపు ఉన్నదాన్ని ఎడమది అనక ఇంకేమంటారు? అయినా ఆవిడ అన్నాక చూడక తప్పదు. పాపకి మళ్ళీ జెల్లీ రాశాడు.

"సల్లగా ఉంది" అంది మోక్షిత.

"అయిపోయింది తల్లీ. ఒక్క నిమిషం."

అయిపోలేదు. అసలు తంటా అప్పుడే మొదలైంది. తను రాసింది సరే అనుకుని చూస్తే, మిగతావేవీ దాంతో పొసగడం లేదు. గుండెలోంచి బయల్దేరే రెండు పెద్ద నాళాలు చేతులు కట్టుకున్నట్టు ఒకదాని మీదుగా ఒకటి దాటిపోవాలి. ఇక్కడ రెండూ రైలుపట్టాల్లా పక్కపక్కన నిలువుగా పోతున్నాయి. కారుతున్న ఆ కవాటం పక్కదానికన్నా కాస్త ఎగువన ఉండాలి. ఇది దిగువకి వేలాడుతోంది. ఎడమ గది గోడ నున్నగా ఉండాలి. ఇదేమో లోపల గరుగ్గా, పీచుపీచుగా ఉంది.

పొద్దున ఇవన్నీ అతని కంట పడ్డాయి. పడ్డా పట్టించుకోలేదు. అలవాటైన చూపు తనకి కావలసింది ఏరుకుని మిగతాది వదిలేస్తుంది.

అప్పుడతనికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఎవరో మెషిన్లో కుడి ఎడమలు మార్చి వదిలేసి ఉంటారు! దానికో బటన్ ఉంటుంది. అది నొక్కితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. నొక్కాడు. గరుకు గది కుడివైపుకి వచ్చింది. దిగువన వేలాడే కవాటం కూడా దాంతోపాటు తన చోటికి వచ్చి కూర్చుంది. పుస్తకంలో బొమ్మలా అంతా కుదిరిపోయింది. శశిధర్ గట్టిగా ఊపిరి వదిలాడు.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తం ఎడమవైపు చేరాలి. ఇప్పుడది కుడివైపు చేరుతోంది. ఇటు సర్దితే అటు ఊడుతోంది. తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. ఏది అసలో ఏది నీడో తెలియకుండా పోయింది. ఎడమంటే తన ఎడమా, పాప ఎడమా, మెషిన్ ఎడమా అన్న దగ్గరే తల తిరిగింది.

ఎస్తేరు మేడం ఎప్పుడు వచ్చిందో వచ్చింది. ఒక వేలు చాచి బటన్ నొక్కింది. బొమ్మ మొదటికొచ్చింది.

"బొమ్మని తిప్పితే పిల్ల తిరగదు నాయనా" అని మళ్ళీ వెళ్ళిపోయింది.

దమయంతికి ఈ తిప్పుడు ఏమిటో తెలియదు. కానీ డాక్టరు మొహం తెలుస్తుంది. పిల్లకి జబ్బు చేసిన దగ్గర నుంచీ ఆవిడ డాక్టర్ల మొహాలు చదవడంలో ఆరితేరింది.

"బాబూ, సిల్లా, కారడమా?" అంది.

"చిల్లు కాదమ్మా. కారుతోంది. కానీ అది... ఇది కొంచెం కాంప్లికేటెడ్. గదులు, నాళాలు, వాటి మధ్య సంబంధం... ఇంకా చూడాలి."

ఆవిడ కూతురి జుట్టు సవరించడం ఆపింది.

"అంటే మీకూ తెలీట్నేదా బాబూ?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడుపు ఉంటే అతను కోప్పడి బయటపడేవాడు. ఆవిడ నిజంగానే అడిగింది.

"ఆపరేసను సేత్తాం అన్నారు, సరే అన్నాను. సంతకం ఎట్టమంటే ఎడతాను. దేన్ని బాగు సేత్తారో అది సెప్పండి సాలు. తెలీకండా పిల్ల గుండె మీద కత్తి ఎట్టనిత్తానా?"

శశిధర్ పాప ఛాతీ మీద జెల్లీ తుడిచాడు. చేతులు కడుక్కున్నాడు. తను పొద్దున రాసింది రాసినట్టు పైకి వెళ్ళి ఉంటే ఏమయ్యేది? పోనీ ఇప్పుడైనా ఏం చెప్పాలి? మీటింగుకి ఇక ఎంతోసేపు లేదు.

మేడం గదికి వెళ్ళాడు. ఆవిడ టీ తాగుతోంది.

"నాకు అర్థం కావట్లేదు మేడం" అన్నాడు.

చేరినప్పటి నుంచీ ఆ మాట అనడం ఇదే మొదలు. అనేశాక గుండె మీద బరువు కొంచెం దిగింది.

ఎస్తేరు మేడం కప్పు కింద పెట్టింది. ఆవిడ మొహంలో కోపం లేదు, గెలిచానన్న గర్వమూ లేదు. లేచి అతని పక్కనుంచే బయటికి నడిచింది. ఎకో గది గుమ్మం దగ్గర వంగి, ఆ గులాబీరంగు చెప్పులు చేతిలోకి తీసుకుంది.

నర్సు నోరు తెరిచింది. చెప్పులు గుమ్మం దాటితే మనుషుల్ని గుమ్మం దాటించే మనిషి, స్వయంగా చెప్పులు పట్టుకుని ఎకో గదిలోకి వస్తోంది.

"దొరికాయి నీ చెప్పులు. ఎవరూ పట్టుకుపోలేదు" అంది మోక్షితతో.

మోక్షిత మొహం విచ్చుకుంది. బల్ల అంచున కూర్చుని కాళ్ళు చాపింది. మేడం ఆ చిన్న పాదాల ముందు నేల మీద చతికిలబడింది. ఒక చెప్పు తొడిగి పట్టీ బిగించింది. రెండోది తొడిగి బిగించింది. పాపని దించింది.

"మెల్లగా వెళ్ళి ఆ తలుపు ముట్టుకుని రా. పరిగెత్తకు."

మోక్షిత బయల్దేరింది. కీచ్, కీచ్ అంటూ బాగానే నడిచింది. తలుపు ముట్టుకుంది. తిరిగి వస్తున్నప్పుడు మాత్రం కాలు కొంచెం ఎడంగా వేసింది. మధ్యలో ఆగి వంగి వేలు దూర్చి పట్టీ లాక్కుంది.

"కుడెడమా తెలీదేటే నీకు! తారుమారుగా ఏసీసుకున్నావు" అని కూతుర్ని కసిరి, తొడిగింది ఎవరో గుర్తొచ్చి దమయంతి నాలుక కరుచుకుంది.

శశిధర్ అప్పటికే పాప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పట్టీ ఊడదీసి ఒక చెప్పు తీశాడు.

"ఎందుకు తీస్తున్నావు?" అంది మేడం.

"తారుమారయ్యాయి మేడం."

"ఆ చేతిలోది ఏ చెప్పు?"

"కుడిది."

"ఎడమ కాలికి కదా ఉంది?"

"ఎడమ కాలికే ఉంది. కానీ ఇది కుడి చెప్పు."

"నీకెవరు చెప్పారు?"

"చెప్పడమేంటి మేడం, చూస్తే తెలియదా? వంపు ఇటువైపు ఉంది. బొటనవేలి దగ్గర ఈ వెడల్పు..."

అక్కడ ఆగిపోయాడు.

చెప్పు చేతిలోనే ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఎటు తిప్పినా అది కుడి చెప్పే. ఎడమవైపు పెట్టినా కుడి చెప్పే. తలకిందులు చేసినా కుడి చెప్పే.

మేడం కిటికీలోంచి బయటికి చూస్తోంది.

శశిధర్ ఆ చెప్పు బల్ల పక్కన పెట్టి "మోక్షితమ్మా, ఇంకొక్కసారి పడుకుంటావా?" అన్నాడు.

"మల్లీ సల్లగా రాత్తావా?"

"రాస్తాను. ఈసారి తొందరగా అయిపోతుంది."

ఈసారి అతను ఏది ఎటువైపు ఉందో చూడలేదు. ఒక్కో గది దగ్గరా ఆగి దాని వాలకం చూశాడు. నున్నటి గోడ, ఎగువన కవాటం. ఇది ఎక్కడున్నా ఎడమ గదే. కుడివైపు వెళ్ళి కూర్చుంది, అంతే. గరుకు గోడ, అడ్డంగా ఒక కండరం పట్టీ, దిగువకి వేలాడే కవాటం. ఇది కుడి గది. ఎడమవైపు ఉంది. ఊపిరితిత్తులదాకా మాత్రమే నెట్టాల్సిన దీని నెత్తిన ఒళ్ళంతటికీ రక్తం నెట్టే పని పడింది.

కింది రెండు గదులూ చోట్లు మార్చుకున్నాయి. నాళాలూ మార్చుకున్నాయి. రెండు తారుమార్లూ కలిసి రక్తం వెళ్ళాల్సిన చోటికే వెళ్తోంది. మంచి రక్తం ఒంటికి, చెడు రక్తం ఊపిరితిత్తులకి. అందుకే పిల్ల నీలిరంగుకి తిరగలేదు. అందుకే వీధి చివరిదాకా పరిగెత్తింది. పొద్దున నుంచీ ఒకదానితో ఒకటి పేచీ పడుతున్నవన్నీ ఇప్పుడు నోరు మూసుకుని వరసలో నిలబడ్డాయి. శశిధర్‌కి కళ్ళు చెమర్చాయి. స్క్రీన్ వైపు ఇంకాస్త వంగి, ఎవరికీ కనబడకుండా భుజానికి తుడుచుకున్నాడు.

కారుతున్నది కుడి గది కవాటం. నీరసిస్తున్నది తనది కాని పని మోస్తున్న గది. అది ఎడమ కవాటమే అనుకుని సర్జను లోపలికి వెళ్ళి ఉంటే, కవాటం కుట్టి, గది గట్టిదే కదా అని ధీమాగా మూసేసి వచ్చేవాడు. గుండెని కొట్టించే నరంలాంటి తీగ కూడా ఇలాంటి గుండెల్లో వేరే దారిన పోతుంది. సూది దాని మీద పడినా పడేది.

పొద్దున రాసింది కొట్టేసి మళ్ళీ రాశాడు. రాసి మేడం చేతికిచ్చాడు. ఆవిడ చదివి తిరిగి ఇచ్చేసింది. "మళ్ళీ చూడు" అనలేదు.

దమయంతి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

"తెలిసినాదా బాబూ?"

"తెలిసిందమ్మా. దీన్ని కరెక్టెడ్ ట్రాన్స్..." అని మొదలుపెట్టాడు. ఆవిడ కళ్ళలో అయోమయం మళ్ళీ ముసురుకుంది. పొద్దున తన కళ్ళలో ఉన్నదే.

మాట ఆపేశాడు. మోక్షితని బల్ల అంచున కూర్చోబెట్టి, రెండో కాలి చెప్పు కూడా విప్పి, రెండింటినీ మేడం తొడిగినట్టే తారుమారుగా కాళ్ళ దగ్గర పెట్టాడు. తొడగలేదు, పెట్టాడంతే.

"పాప గుండెలో కింద రెండు పెద్ద గదులున్నాయమ్మా. కుడిది ఎడమవైపు ఉంది, ఎడమది కుడివైపు ఉంది. ఇదిగో, ఇలా. పుట్టుకతోనే."

దమయంతి చెప్పుల వంక చూసింది. చాలాసేపు చూసింది. నల్లటి వేలు కొసతో ఒక చెప్పు అంచు తడిమింది.

"కడుపులోనే ఇలగ ఏసీసుకుందా?"

"అవునమ్మా."

"నా తప్పేటైనా ఉందా?"

"లేదమ్మా. నీ తప్పు లేదు. ఎవరి తప్పూ లేదు."

ఆవిడ చెప్పుల మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఇలగేసుకున్నా నడిసేత్తారు, బాబూ. మా వాడలో సిన్న పిల్లలందరూ ఇలగే ఏసీసుకుని తిరిగీత్తారు. నడిసినన్నాళ్ళు ఏటీ తెలీదు. దూరం నడిత్తే ఒరుసుకుపోతాది."

శశిధర్ తల ఊపాడు.

"ఇప్పుడు ఒరుసుకుంటందా?"

"అవునమ్మా. ఇప్పుడు ఒరుసుకుంటోంది."

దమయంతి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఏడవలేదు. ఎన్నాళ్ళ నుంచో మూసుకుపోయిన చెవి తెరుచుకున్నట్టు, తల ఒక పక్కకి వంచి నిలబడింది.

"మరి ఇప్పుడు దాన్ని తీసి దీనికీ, దీన్ని తీసి దానికీ మార్సీగలరా?"

మారుస్తారో, కవాటం ఒక్కటే బాగుచేస్తారో, కొన్నాళ్ళు మందులతో ఆగుదామంటారో పైన కూర్చున్నవాళ్ళంతా తలలు పట్టుకుని తేల్చాలి. పొద్దున అయితే శశిధర్ ఏదో ఒకటి చెప్పేసేవాడు. ఇప్పుడు మేడం వైపు చూశాడు.

ఎస్తేరు మేడం వచ్చి మళ్ళీ చతికిలబడింది. ఈసారి కుడిది కుడికి, ఎడమది ఎడమకి తొడిగింది. పట్టీలు బిగించి, మోకాలు పట్టుకుని మెల్లగా లేచింది. మోక్షిత దిగి, తల్లి చేయి వదిలించుకుని, కీచ్ కీచ్‌మంటూ గుమ్మం దాటి వరండాలోకి వెళ్ళింది. నాలుగడుగులు వేసి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

గదిలో అందరూ అది చూశారు.

"ఏ చెప్పు ఏదో తెలిసింది" అంది మేడం. "పద నాయనా, పైకెళ్ళి కాలి సంగతి చూద్దాం."